మెయింటెనెన్స్ అద్దెదారుది, ఓటు యజమానిది

హైదరాబాద్‌లో టూ-లెట్ బోర్డు చూసి లోపలికి వెళ్లినవారు అడిగే ప్రశ్నలు ఎక్కడైనా ఒకేలా ఉంటాయి. అద్దె ఎంత, అడ్వాన్స్ ఎన్ని నెలలు, మెయింటెనెన్స్ అద్దెలోనే కలిసి ఉందా, మంజీరా నీళ్లు వస్తాయా, బోరు ఉందా. వాచ్‌మన్ చెప్పే జవాబులతోనే చాలా బేరాలు కుదిరిపోతాయి. లిఫ్టు మరమ్మతుల ఒప్పందం అమల్లో ఉందా, సంపు చివరిసారి ఎప్పుడు కడిగారు, ఫ్లాట్ల యజమానుల సంఘం లెక్కలు ఎవరు చూస్తారు అని అడిగేవారు అరుదు. అడిగినా వాచ్‌మన్‌కు తెలియదు, తరచుగా ఇంటి యజమానికీ తెలియదు. ఎందుకంటే ఆయన ఆ భవనంలో ఉండడు.

కూకట్‌పల్లి, అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, మణికొండ వంటి చోట్ల నాలుగైదు అంతస్తుల్లో పది నుంచి ఇరవై ఫ్లాట్లతో కట్టిన చిన్న అపార్ట్‌మెంట్లే ఎక్కువ. స్థలం యజమాని డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ మీద భూమి ఇస్తాడు, కట్టిన ఫ్లాట్లను ఆయనా బిల్డరూ పంచుకుంటారు, తన వాటా అమ్ముకుని బిల్డర్ వెళ్లిపోతాడు. స్థలం యజమాని తన వాటాకు వచ్చినవాటిని అద్దెకు ఇస్తాడు. కొన్నవారిలో కొందరు మరింత పెద్ద ఇంటికి మారతారు, కొందరు బెంగళూరుకో డాలస్‌కో వెళతారు. పదేళ్లు గడిచేసరికి చాలా భవనాల్లో కాపురం ఉండేవారిలో అధికులు అద్దెదారులే అవుతారు. పెద్ద గేటెడ్ కమ్యూనిటీలో జీతానికి మేనేజరు, ప్లంబరు ఉంటారు గాని, ఇక్కడ ఆ భారమంతా వాచ్‌మన్ కుటుంబం మీదా, ఏటా బతిమాలి ఒప్పించిన ఒక కార్యదర్శి మీదా పడుతుంది.

నిర్వహణ చెడిపోవడానికి ఆ కార్యదర్శి అసమర్థతనో, యజమానుల పిసినారితనాన్నో కారణంగా చెప్పడం మామూలే. నా దృష్టిలో అసలు కారణం ఖర్చు పంచుకునే తీరులోనే ఉంది. నెలనెలా అయ్యే ఖర్చు అద్దెదారు జేబులోంచి పోతుంది, పెద్ద మరమ్మతు ఖర్చు పెద్ద పనుల కోసం యజమానులు కూడబెట్టే కార్పస్ ఫండ్ లోంచి పోవాలి. ఈ రెంటిలో ఏది చేయాలో తేల్చే ఓటు యజమానికి మాత్రమే ఉంది. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం సంఘాన్ని యజమానుల సంఘంగానే చూస్తుంది. అందుకని పెద్ద పని వాయిదా పడుతూ, నెలవారీ ఖర్చు పెరుగుతూ పోతుంది.

ఇది అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది నీళ్ల దగ్గర. 2024 వేసవిలో నగరం పడమటి వైపున బోర్లు ఎండిపోయి, చాలా కాలనీలు ట్యాంకర్ల మీద ఆధారపడ్డాయి. బోరు లోతు పెంచడం, ఇంకుడు గుంత బాగుచేయించడం, పాత పైపులు మార్చడం పెట్టుబడి పనులు, వీటికి యజమానులంతా తలా కొంత వేసుకోవాలి. ట్యాంకర్ తెప్పిస్తే ఆ బిల్లు మెయింటెనెన్స్‌లో కలిసిపోయి అద్దెదారుకు చేరుతుంది. అలాంటప్పుడు యజమానుల సమావేశం ఏది ఎంచుకుంటుందో ఊహించడానికి పెద్ద ఆలోచన అక్కర్లేదు. పైగా బిల్లును ఫ్లాటుకు ఇంత అని సమానంగా పంచుతారు కాబట్టి, ఒంటరిగా ఉండే ఉద్యోగినీ, ఆరుగురున్న కుటుంబమూ ఒకే మొత్తం కడతారు. తాళం వేసిన ఫ్లాటు యజమాని మాత్రం తాను వాడలేదు కదా అని తప్పుకుంటాడు.

నగరానికి నీళ్లిచ్చే ప్రభుత్వ సంస్థ జలమండలి సరఫరాలోనూ ఇదే చిక్కు ఎదురైంది. ఇంటికి నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం 2021 జనవరిలో మొదలైనప్పుడు, చాలా అపార్ట్‌మెంట్లకు ఉన్నది ఒకే కనెక్షన్ కాబట్టి ఫ్లాటు వారీగా ఆధార్ అనుసంధానం చేయాలన్నారు. యజమాని దూరదేశంలో ఉండి దాన్ని పట్టించుకోకపోతే ఆ ఫ్లాటుకు ఉచితం అందదు, ఆ బిల్లు కట్టేది అందులో ఉన్నవారే.

లిఫ్టు సంగతి ఇంకా తీవ్రమైనది. 2025 ఫిబ్రవరిలో మాసబ్ ట్యాంక్ సమీపంలోని శాంతినగర్‌లో ఒక అపార్ట్‌మెంట్ లిఫ్టుకూ గోడకూ మధ్య ఇరుక్కున్న ఆరేళ్ల బాలుడు చికిత్స పొందుతూ మరణించాడు. చేత్తో లాగి మూసే గ్రిల్ తలుపుల లిఫ్టులు పాత భవనాల్లో ఇప్పటికీ నడుస్తున్నాయి. చెడిన ప్రతిసారీ మెకానిక్‌ను పిలిపించే ఖర్చు మెయింటెనెన్స్‌లో సర్దుకుంటుంది, లిఫ్టునే మార్చాలంటే లక్షలు కావాలి.

చట్టాన్ని ఆశ్రయించవచ్చు కదా అంటే, 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం సరైన కారణం లేకుండా సౌకర్యాలు ఆపవద్దని యజమానికి చెబుతుంది గాని, కార్పొరేషన్ పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు దాటిన ఇళ్లకు అది వర్తించదు. ఈ రోజు హైదరాబాద్‌లో ఆ అద్దెకు ఫ్లాటు కాదు కదా, గది దొరకడమే కష్టం. రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న నమ్మకంతో రాసుకునే 11 నెలల ఒప్పందంలో ఉమ్మడి సౌకర్యాల గురించి ఒక్క వాక్యం కూడా ఉండదు. 2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం గోడల సున్నం, తలుపుల రంగు, పైపుల మార్పిడి యజమాని బాధ్యతలని స్పష్టంగా రాసింది. మన దగ్గర ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దెను అడ్వాన్స్‌లో కోసుకోవడం మామూలైపోయింది. నమూనా చట్టాన్ని రాష్ట్రం స్వీకరిస్తే ఇలాంటివి కొంత సర్దుకోవచ్చు గాని, సంఘం తీర్మానాల జోలికి అదీ వెళ్లదు. విచిత్రమేమిటంటే, ప్రవాస యజమానికి కట్టే అద్దెలో 30 శాతానికి పైగా పన్ను కోసి ప్రభుత్వానికి జమచేయాల్సిన బాధ్యతను ఆదాయపు పన్ను చట్టం అద్దెదారు మీదే పెట్టింది. పన్ను వసూలుకు పనికొచ్చిన మనిషి సంఘం సమావేశానికి మాత్రం పరాయివాడు.

అద్దెదారు ఏడాదిలో వెళ్లిపోతాడు, భవనం మీద అతనికి ఏం శ్రద్ధ ఉంటుందని యజమానులు అంటారు. బోరు లోతు, లిఫ్టు మార్పిడి వంటి పదేళ్ల నిర్ణయాల్లో ఈ మాట నిజమే, అవి యజమానుల చేతుల్లోనే ఉండాలి. రోజువారీ లెక్కకు ఆ వాదన పనికిరాదు. ఏ ట్యాంకర్ వాడిని పిలవాలి, సంపు ఎప్పుడు కడిగించాలి, కారిడార్ లైట్లు ఎన్ని గంటలు వెలగాలి అన్నవి అక్కడ ఉంటున్నవారికే బాగా తెలుస్తాయి. చాలా భవనాల్లో వాట్సాప్ గ్రూపులో యజమానులే ఉంటారు, నీళ్లు రావన్న సంగతి అద్దెదారుకు వాచ్‌మన్ చెబితే తెలుస్తుంది. ఉంటున్నవారి నుంచి ఇద్దరిని నెలవారీ ఖర్చుల కమిటీలోకి తీసుకుని, లెక్కను ప్రతి నెలా నోటీసు బోర్డు మీద పెట్టడానికి కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కర్లేదు, సర్వసభ్య సమావేశంలో నిబంధనలు సవరించుకుంటే చాలు.

దానికీ ఒప్పుకోని యజమానితో అద్దెదారు బేరమాడాల్సింది 11 నెలల కాగితం తిరగరాసే రోజున. మెయింటెనెన్స్ ఇంత అని అంకె వేసి, అంతకు మించిన ట్యాంకర్, మరమ్మతు ఖర్చులు యజమానివేనని ఒక వాక్యం చేర్చమని అడగాలి. అద్దె పెంచుతున్న యజమానిని ఆ మాత్రం అడగడంలో అన్యాయమేమీ లేదు. ఒక భవనంలో సగం ఒప్పందాల్లోనైనా ఆ వాక్యం చేరితే, ట్యాంకర్ బిల్లు డాలస్‌లో ఉన్న యజమాని ఖాతాకే వెళ్లడం మొదలవుతుంది, బోరు విషయం తర్వాతి సమావేశం ఎజెండాలోకి దానంతటదే వస్తుంది.