ఎత్తు కొలిచేది లైన్ చివరనా?

కొన్ని థీమ్ పార్కుల్లో పిల్లలకు మూడేళ్లు దాటితే టికెట్ కొనాలంటారు, సరే కొంటాం. తీరా లోపలికెళ్లి గంటసేపు లైన్లో నిలబడ్డాక, రైడ్ ఎక్కే చోట కొలిచి '102 సెంటీమీటర్లు లేడు, కుదరదు' అంటే ఏడుస్తున్న ఆ పసివాడికి ఏం చెప్పాలి? భద్రత కోసం పెట్టిన నియమం, దాన్ని తప్పుపట్టను. ఆ కొలిచేదేదో లైన్ మొదట్లోనే కొలవొచ్చు కదా! స్ట్రోలర్ బయటే వదిలేయాలి, నిద్రపోతున్న చంటిదాన్ని భుజాన వేసుకోవాలి, ఇంతలో పెద్దవాడు బాత్రూమ్ అంటే పరిగెత్తి, తిరిగొచ్చి మళ్లీ వెనక నుంచి మొదలు. కొన్ని పార్కుల్లో అమ్మానాన్నల్లో ఒకరు ఎక్కి వచ్చాక, పిల్లల్ని చూసుకున్న రెండోవాళ్లు లైన్ లేకుండా ఎక్కే ఏర్పాటు ఉంది. అది అన్నిచోట్లా ఎందుకు పెట్టరు? లైన్లో కాస్త నీడైనా ఉండొద్దా?