గుట్ట ఎక్కడం నేర్పని చదువు

శని, ఆదివారాలు వస్తే హైదరాబాద్ నుంచి వికారాబాద్ వైపు వెళ్లే రోడ్డు కార్లతో నిండిపోతోంది. అనంతగిరి చుట్టుపక్కల రిసార్టులు, వాటిలో జిప్‌లైన్లు, టెంట్లు, రాత్రికి క్యాంప్‌ఫైరు. మనిషికి ఇంతని టికెట్టు. వెళ్లేవాళ్లను తప్పుపట్టను. వారమంతా ఏసీ గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషికి నాలుగు చెట్లు చూడాలనిపించడం సహజం. నా బాధల్లా, ప్రకృతిని ఎక్కడో దూరంగా రెండు రోజులకు డబ్బు కట్టి చూసొచ్చే సరుకుగా మార్చేసుకుని, ఊరి పక్కనున్న గుట్టను మాత్రం కంకర మిల్లుకు వదిలేశాం.

హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కనున్న కంచ గచ్చిబౌలి సంగతి పాఠకులకు మళ్లీ చెప్పనక్కర్లేదు. 2025 మార్చి చివర్లో ఆ 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు రావడం, విద్యార్థులు అడ్డుపడటం, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమనడం అందరూ చూశారు. అందులో నన్ను పట్టుకున్న విషయం ఒకటే. ఆ నేల కోసం గట్టిగా నిలబడినవాళ్లలో ఎక్కువమంది అందులో తిరిగినవాళ్లు. అక్కడి బండలూ, నెమళ్లూ, జింకలూ వాళ్లకు ఎదురుగా చూసి తెలుసు. మిగతా నగరానికి అది మ్యాపులో ఒక ఖాళీ స్థలం. కాలు పెట్టని చోటు పోతుంటే ఎవరికి మాత్రం నొప్పి పుడుతుంది?

దక్కన్ గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. హిమాలయాలు దాని ముందు నిన్న మొన్నటి పిల్లలు. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్‌లో ఒకదానిపై ఒకటి పేర్చినట్టుండే ఆ రాళ్లను ఎవరూ పేర్చలేదు. నేలలోపలి గ్రానైటు పగుళ్ల వెంట నీళ్లు దిగి, రాయి మెత్తబడి, ఆ మెత్తటి భాగం లక్షల ఏళ్లలో కొట్టుకుపోతే మిగిలిన గట్టి గుండ్లవి. ఇలాంటి వాటిని కాపాడాలని 1996లో మొదలైన ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ జనాన్ని వెంటబెట్టుకుని రాళ్ల మధ్య నడిపిస్తూ వచ్చింది. పిటిషన్ల కంటే ఆ నడకలే పెద్ద పని అని నా నమ్మకం. అయినా ఎన్నో గుండ్లు పునాదుల కింద పిండైపోయాయి.

మన పండగలు కూడా ఈ బీడు భూముల మీదే బతికాయి. బతుకమ్మకు తంగేడు, గునుగు ఎవరూ సాగు చేయలేదు. ఎంగిలిపూల నాడు పొద్దున్నే పిల్లలు సంచి పట్టుకుని చెరువు గట్టుకో, గుట్ట కిందికో పోయేవాళ్లు. గునుగు ఎక్కడ గుబురుగా ఉందో, ఏ పొదలో పాము కనబడిందో వాళ్లకు తెలిసేది. ఇప్పుడు తంగేడు రాష్ట్ర పుష్పం, నగరంలో అది మార్కెట్లో కట్టల లెక్కన దొరుకుతోంది. పువ్వు ఇంటికి వస్తోంది, పిల్లలు బీడుకు పోవడం మాత్రం ఆగిపోయింది.

ఇంట్లోనే ఉండి ప్రకృతికి దగ్గర కాలేమా అంటే, కావచ్చు. మిద్దె తోట పెట్టినవాళ్లను అడగండి. బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, గుమ్మడి పువ్వు తెల్లవారుజామున. తేనెటీగలు రాని అపార్ట్‌మెంటులో మగ పువ్వు తెంపి ఆడ పువ్వుకు తాకిస్తేనే పిందె నిలుస్తుంది. ఆ పని ఒక్కసారి చేసిన పిల్లకు పరాగ సంపర్కం పాఠం బట్టీ పట్టాల్సిన అవసరం ఉండదు. కానీ కుండీ ఎంత పెద్దదైనా కాళ్లకు ధైర్యం నేర్పలేదు. దానికి గుట్టే కావాలి.

ఇక్కడ నేను 2014 వేసవికి వెళ్తాను. మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు నిండలేదు. అంత చిన్న వయసులో ఆ శిఖరం ఎక్కిన అమ్మాయి అంతకు ముందు లేదు. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. చదివింది తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో. ఆమెతో పాటు శిఖరం చేరిన సాధనపల్లి ఆనంద్ కూడా గురుకుల విద్యార్థే. వాళ్లు మొదట పాఠం నేర్చుకున్నది ఏ హిమానీ నదం మీదో కాదు, భువనగిరి కోట నిలబడిన ఏకశిల మీద. డార్జిలింగ్, లద్దాఖ్ శిక్షణలు ఆ తర్వాతివి.

ఆ బండ ఏం నేర్పుతుందో కాస్త దగ్గరగా చూడాలి. మొదటిరోజు పిల్లలందరూ చేతులతో వేలాడబోతారు, కాసేపటికే ముంజేతులు బిగుసుకుపోతాయి. బరువు కాళ్ల మీద వేయమంటారు శిక్షకులు. రెండు చేతులు, రెండు కాళ్లు, ఈ నాలుగింటిలో ఎప్పుడూ మూడు రాతికి అంటి ఉండాలి, ఒక్కటే కదలాలి. గ్రానైటులోని గరుకు పలుకులు బూటును పట్టుకుంటాయని అడుగు వేశాకే నమ్మకం కలుగుతుంది. వాన పడితే అదే రాయి జారుతుంది, మిట్టమధ్యాహ్నం అరచెయ్యి ఆనదు. ఇవన్నీ ఒంటికి పట్టిన పిల్లకు భయం పోదు, పోకూడదు కూడా. భయాన్ని చేతిలో పట్టుకుని అడుగు ఎక్కడ వేయాలో లెక్కగట్టడం వస్తుంది. పూర్ణ 2022 నాటికి ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలూ ఎక్కేసింది.

పూర్ణ ఎవరెస్టు ఎక్కిన సరిగ్గా రెండు వారాలకు, జూన్ 8న, హిమాచల్ విహారయాత్రకు వెళ్లిన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది బియాస్ నదిలో కొట్టుకుపోయారు. పైన లార్జి డ్యామ్ నుంచి ఒక్కసారిగా నీళ్లు వదిలారు. సరైన హెచ్చరిక లేకుండా నీళ్లు వదిలినవాళ్లదే ఆ నేరం, చనిపోయిన పిల్లలది రవ్వంత కూడా కాదు. అయితే నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వని ప్రశ్న ఒకటుంది. డ్యామ్ కింద నదిలో రాళ్లు పొడిగా కనిపిస్తున్నా దిగకూడదన్న సంగతి, పన్నెండేళ్ల బడిలో గానీ ఆ తర్వాత కాలేజీలో గానీ ఆ పిల్లలకు ఎవరైనా చెప్పారా? నీటి పీడనం మీద లెక్కలు వేల కొద్దీ చేయించి ఉంటారు. నది ఒడ్డున నిలబెట్టి నీళ్ల రంగు మారడం, చప్పుడు పెరగడం ఎప్పుడైనా చూపించారా?

బయట ప్రమాదాలున్నాయి, పాములున్నాయి, ఎండలు మండిపోతున్నాయి, ఏదైనా జరిగితే ఎవరు బాధ్యులని తల్లిదండ్రులు, ప్రిన్సిపాళ్లు అడుగుతారు. నగరానికి ఇళ్లు కావాలి, ఇళ్లకు కంకర కావాలని ఇంకొందరు. రెండూ తీసిపారేసే మాటలు కావు. కానీ ప్రతి వేసవిలో చెరువుల్లో, క్వారీ గుంతల్లో మునిగిపోతున్నవాళ్లలో ఈత నేర్పేవాళ్లు లేని పిల్లలూ ఉన్నారు. గుమ్మం దాటనివ్వకపోవడం రక్షణ అనుకుంటే ఏదో ఒక రోజు వాళ్లు చెప్పకుండా దాటుతారు, ఒంటరిగా, ఏమీ తెలియకుండా. కంకర సంగతికొస్తే, అన్ని గుట్టలూ వదిలేయమని ఎవరూ అడగడం లేదు.

అసలు రోగం చదువులో ఉంది. విద్యాహక్కు చట్టం 2009 బడికి ఆటస్థలం ఉండాలంటోంది. మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని బడులు, ఎన్ని జూనియర్ కాలేజీలు అపార్ట్‌మెంట్ల లాంటి భవనాల్లో నడుస్తున్నాయో మీ వీధిలోనే చూడండి. పొద్దున చీకటితో లేపి, రాత్రి చీకటిపడ్డాక వదిలే స్టడీ అవర్లు. ఆదివారం పరీక్ష. పదహారేళ్ల కుర్రాడు రెండేళ్ల పాటు వెన్నెల చూడకుండా ఇంటర్ పూర్తి చేస్తున్నాడు. ర్యాంకు కోసం శరీరాన్ని తాకట్టు పెట్టించుకునే ఈ వ్యాపారానికి లక్షల ఫీజు కడుతున్నది మనమే. కూలీ బిడ్డను ప్రభుత్వ గురుకులం ఎవరెస్టు మీద నిలబెట్టిన రాష్ట్రంలో, ఫీజు కట్టగలిగినవాళ్ల పిల్లలకు గుట్ట ఎక్కే భాగ్యం లేదు. సాహసం డబ్బున్నవాళ్ల సరదా అని ఇంకా వాదించేవాళ్లు ఈ ఒక్క విషయానికి జవాబు చెప్పాలి.

చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. మండలానికి ఒక గుట్టను మైనింగ్ లీజుల నుంచి తప్పించి, చుట్టుపక్కల ప్రభుత్వ, ప్రైవేటు బడులకు అప్పగించాలి. తాళ్లు, హెల్మెట్లు, శిక్షణ పొందిన ఒక మనిషి ఉంటే పని మొదలవుతుంది. భువనగిరిలో నేర్చుకున్న యువతకు ఆ ఉద్యోగాలు ఇవ్వవచ్చు. నెలలో ఒక పూట టైమ్‌టేబుల్‌లోనే రాయాలి, హాజరు తీసుకోవాలి. జూనియర్ కాలేజీల గుర్తింపు ఏటా పునరుద్ధరించేటప్పుడు దీన్ని షరతుగా పెట్టాలి. జూన్‌లో బడులు తెరిచేలోగా కలెక్టర్లు ఆ గుట్టల జాబితా ప్రకటించాలి. అప్పటిదాకా ఆయా మండలాల్లో కొత్త క్వారీ లీజు ఫైలు ఒక్కటి కూడా కదలకూడదు.