‘వాట్ ఈజ్ యువర్ ప్రాబ్లమ్?’ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

బడిలో ఇంగ్లీషు మొదలుపెట్టిన నాటి నుంచి మీరు నా నాలుక మీదే కాపురం ఉంటున్నారు. ఎదుటి మనిషి కాస్త నలతగా కనబడితే చాలు, నేను పిలవకముందే మీరు బయటికి వచ్చేస్తారు. తెలుగులోనైనా ‘ఏమిటయ్యా నీ బాధ?’ అంటే అది పరామర్శ కాదు, విసుగేనన్న సంగతి ఇన్నేళ్లూ నాకు తట్టనే లేదు.

మొన్న ఒక వీడియో సమావేశంలో, ఇంగ్లీషు మాతృభాషగా గల సహోద్యోగి ఒకాయన దవడ పట్టుకుని కూర్చుంటే, ఎంతో జాలితో మిమ్మల్ని ప్రయోగించాను. ఆయన చప్పున చెయ్యి దించి, నిటారుగా కూర్చుని, తాను ఏమైనా తప్పుగా మాట్లాడి ఉంటే మన్నించమన్నాడు. ఆ వెంటనే మరొకరు ‘ఆర్ యూ ఆల్‌రైట్?’ అన్నారో లేదో, పంటిపోటు చరిత్ర అంతా పూస గుచ్చినట్టు చెప్పుకొచ్చాడు.

విడ్డూరమేమిటంటే, వైద్యులు మీ ‘ప్రాబ్లమ్’నే వాడతారు; కాకపోతే మీలోని ‘యువర్’ అనే చూపుడువేలిని మడిచేసి, ‘వాట్ సీమ్స్ టు బి ద ప్రాబ్లమ్?’ అంటారు. ఆ ‘సీమ్స్’ ఒక్కటి చేరేసరికి నేరం రోగి మీద నుంచి దిగిపోతుంది.

మీ చుట్టాల సంగతీ చెప్పాలి. సెలవుచీటీల్లో మకాం వేసిన ‘సఫరింగ్ ఫ్రమ్’ గారు ఒక్కపూట జలుబును కూడా దీర్ఘవ్యాధి స్థాయికి ఎత్తుతారు. ఇంగ్లీషు మాతృభాషగా గలవాళ్లయితే ‘ఐ హ్యావ్ ఎ కోల్డ్’ అని తేల్చేస్తారు. ‘ఎన్ని రోజుల నుంచి’ అన్నదాన్ని అలాగే మోసుకొచ్చిన ‘సిన్స్ హౌ మెనీ డేస్’ గారు కూడా, ‘హౌ లాంగ్ హ్యావ్ యూ హ్యాడ్ ఇట్?’ ఎదురైతే తప్పుకోవాల్సిందే.

ఇంగ్లీషు మాత్రం తక్కువ తిన్నదా? తలకూ, పంటికీ, చెవికీ, కడుపుకీ, వీపుకీ ‘ఏక్’ (ache, నొప్పి) తగిలించి, కాలి దగ్గరికి వచ్చేసరికి ‘మై లెగ్ హర్ట్స్’ అంటుంది, గొంతుకేమో ‘సోర్’ను కేటాయిస్తుంది. ఈ పంపకం ఎవరు చేశారో గానీ, కాలికి అన్యాయమే జరిగింది.

మీరొక్కరే అన్ని రోగాలకూ చాలనుకుంటారు గనుక ఇదీ చెబుతున్నాను. మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త రొనాల్డ్ మెల్జాక్ 1975లో ప్రచురించిన ప్రశ్నావళిలో నొప్పిని వర్ణించే మాటలే 78 ఉన్నాయి, అవీ 20 గుంపులుగా. మనం సలుపు, పోటు, మంట, తీపు అని విడదీసి చెప్పుకునే తీరే అది. ‘వేర్ డజ్ ఇట్ హర్ట్?’ అని అడిగాక, ఆ నొప్పి ‘త్రాబింగా, బర్నింగా’ (సలుపా, మంటా) అని అడిగేవాళ్లుంటే రోగి నోరు దానంతటదే తెరుచుకుంటుంది.

మిమ్మల్ని పూర్తిగా వెళ్లగొట్టడం లేదు. ప్రింటరు కాగితం మింగి మొరాయించినప్పుడు తప్పక కబురు చేస్తాను. దాని మీద మీ యావత్తు ప్రతాపం చూపవచ్చు. రేపు ఆ సహోద్యోగికి పన్ను పీకుతారట. సాయంత్రం ఫోను చేసి పలకరించాలి, దయచేసి ఆ కాసేపు మీరు నా నోటి దరిదాపుల్లోకి రావద్దు.

ఇట్లు,
మీ పాత విద్యార్థి