దిమ్మెలు ఇచ్చి వదిలేస్తే చాలదు

"చెక్క దిమ్మెలిచ్చి వదిలేయండి, పిల్లలే నేర్చుకుంటారు" అన్నారు బడిపిల్లల ఆట గురించిన ఒక వ్యాసంలో. వదిలేయడం సరే, ఎలాంటివి ఇస్తున్నామన్నదే అసలు సంగతి. డబ్బాలో వచ్చే 30 ముక్కలతో నలుగురు పిల్లలకు మిగిలేది కొట్లాటే. కనీసం 100 ఉండాలి.

న్యూయార్క్‌లో కెరొలిన్ ప్రాట్ అనే విద్యావేత్త వందేళ్ల కిందట రూపొందించిన కొలతే నేటికీ మేలు: మందం ఒక పాలు, వెడల్పు రెండు, పొడవు నాలుగు. అంటే సుమారు 3.5, 7, 14 సెంటీమీటర్లు. మన వడ్రంగి చేతే కోయించుకోవచ్చు. సగం దిమ్మెలు, రెట్టింపు పొడవువి కూడా చేయించండి. రెండు సగాలు కలిస్తే ఒక నిండు దిమ్మెకు సరిగ్గా సరిపోవాలి, లెక్కంతా అక్కడే ఉంది మరి! కోతలో 2 మిల్లీమీటర్లు తేడా వచ్చినా నాలుగు వరుసలు లేచేసరికి గోడ ఒరుగుతుంది. తప్పు చెక్కది, కానీ పిల్ల తన చేతిదే అనుకుని ఆట వదిలేసి వెళ్తుంది. అంచులు ఉప్పుకాగితంతో రుద్దించండి. రంగు వద్దు, పెచ్చులూడుతుంది.

15 నిమిషాల పీరియడ్ దేనికీ చాలదు, 45 ఇవ్వండి. "ఇదేంటి? ఎన్ని పెట్టావ్?" అని టీచరు అడగ్గానే ఆట కాస్తా పరీక్ష అయిపోతుంది. "పొడుగుది అడ్డంగా వేశావే" అని కనిపించింది చెప్పి ఊరుకోండి, మిగతాది పిల్లే చెబుతుంది.

సర్దడానికి అర మీద ఒక్కో దిమ్మె ఆకారం గీసిపెట్టండి.