వల్కన్ లేదట, అయితే ఏంటి?

సైన్స్ ఫిక్షన్ సీరియల్స్ చూసేవాళ్ళకి అసలు ఆకాశం అక్కర్లేదనీ, అసలు ఆకాశం గురించి తెలిసినవాళ్ళు ఆ సీరియల్స్ చూసి తట్టుకోలేరనీ జనంలో ఒక నమ్మకం పాతుకుపోయింది. నాకు రెండూ కావాలి, అందుకే స్టార్ ట్రెక్ అనే అమెరికన్ అంతరిక్ష సీరియల్లోని వల్కన్ గ్రహం నిజంగా లేదని శాస్త్రవేత్తలు తేల్చినా నాకు బెంగ లేదు. రెండూ చూస్తాను, రెండింటి మీదా గంటలు గంటలు వాదిస్తాను, అందుకే రెండు వైపుల నుంచీ చీవాట్లు తింటాను. మా బావ "అదంతా గ్రాఫిక్సే కదా, ఎందుకలా కళ్ళప్పగించి చూస్తావ్?" అంటాడు. టెలిస్కోప్ ఉన్న స్నేహితులేమో స్పేస్‌లో పేలుడు శబ్దం వినిపించగానే రిమోట్ అందుకుంటారు. శూన్యంలో శబ్దం ప్రయాణించదని స్కూలు పిల్లలకి కూడా తెలుసు బాబూ, ఆ సీరియల్ తీసినవాళ్ళకీ తెలుసు, అది కనిపెట్టినందుకు మీకు సన్మానం చెయ్యాలా?

అసలు ఈ రెండు లోకాలూ ఎప్పుడు విడివిడిగా ఉన్నాయి గనక! 1976లో నాసా తన మొదటి షటిల్‌కి, అంటే అంతరిక్షానికి వెళ్ళొచ్చే విమానంలాంటి నౌకకి, 'కాన్‌స్టిట్యూషన్' అని పేరు పెట్టబోతుంటే, స్టార్ ట్రెక్ అభిమానులు వైట్‌హౌస్‌కి ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి ఆ సీరియల్లోని నౌక పేరు 'ఎంటర్‌ప్రైజ్' పెట్టించారు. తమాషా ఏంటంటే దానికి అంతరిక్షంలోకి తీసుకెళ్ళే ఇంజిన్లూ లేవు, తిరిగొచ్చేటప్పుడు వేడి నుంచి కాపాడే అసలైన కవచమూ లేదు, గాల్లోంచి వదిలి నేల మీద దింపే పరీక్షలతోనే దాని పని అయిపోయింది. మనవాళ్ళు పేరు గెలిచారు గానీ షటిల్ అంతరిక్షం మొహమే చూడలేదు. అదే సీరియల్లో ఉహురాగా నటించిన నిషెల్ నికోల్స్ మాత్రం 1977లో నాసా తరఫున ఊరూరా తిరిగి, ఆడవాళ్ళని, నల్లజాతివాళ్ళని వ్యోమగాములుగా దరఖాస్తు చెయ్యమని పిలిచారు. 1978లో ఎంపికైన బ్యాచ్‌లో, తర్వాత అంతరిక్షానికి వెళ్ళిన మొదటి అమెరికన్ మహిళ శాలీ రైడ్, మొదటి నల్లజాతి అమెరికన్ గయాన్ బ్లూఫర్డ్ ఉన్నారు.

సరే, అసలు విషయానికొస్తా. స్టార్ ట్రెక్‌లో అన్నిటికీ తర్కమే చూసే స్పాక్ అనే పాత్ర, అతని సొంత గ్రహం వల్కన్ ఉంది కదా, అది ఏ నక్షత్రం చుట్టూ తిరుగుతుందో మొదటి సీరియల్లో చెప్పలేదు. 1991లో స్టార్ ట్రెక్ సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ, ముగ్గురు ఖగోళ శాస్త్రవేత్తలు కలిసి 'స్కై అండ్ టెలిస్కోప్' పత్రికకి ఉత్తరం రాసి, 40 ఎరిడానీ ఎ అనే నక్షత్రమైతే బాగుంటుందన్నారు. దూరం 16 కాంతి సంవత్సరాలు. 2018లో నిజంగానే ఆ నక్షత్రం చుట్టూ ఒక గ్రహం దొరికిందని ప్రకటించారు, 42 రోజులకో చుట్టు, బరువు భూమికి ఎనిమిది రెట్లకి పైనే. అంతే, ప్రపంచమంతా "వల్కన్ దొరికింది" అని పండగ చేసుకుంది. మన యూట్యూబ్ థంబ్‌నెయిల్స్ సంగతి చెప్పక్కర్లేదు, ఎర్ర బాణం, నోరెళ్ళబెట్టిన మనిషి బొమ్మ, కింద "సైంటిస్టులకే షాక్!"

2024లో ఆ గ్రహం లేదన్నారు. దీని మీద ఎన్ని థంబ్‌నెయిల్స్ చూశారు మీరు? నాకు ఒక్కటీ కనబడలేదు.

నాకు మండేది ఇక్కడే, ఎందుకంటే గ్రహం పోయిన కథ గ్రహం దొరికిన కథ కంటే పది రెట్లు బాగుంటుంది. ఆ గ్రహాన్ని ఎవరూ కళ్ళతో చూడలేదు. గ్రహం లాగుతుంటే నక్షత్రం కొంచెం మనవైపు, కొంచెం అటువైపు ఊగుతుంది, ఆ ఊపుకి దాని వెలుగులోని రంగులు కాస్త జరుగుతాయి, ఆ జరగడాన్ని కొలుస్తారు. ఇక్కడ ఆ ఊపు సెకనుకి రెండు మీటర్ల లోపే, అంటే మనం కూరగాయల మార్కెట్‌కి నడిచి వెళ్ళే వేగం. పదహారు కాంతి సంవత్సరాల అవతల ఉన్న నక్షత్రం నడక వేగాన్ని కొలుస్తున్నారండీ, ఒక్క క్షణం ఆగి ఆలోచించండి! చిక్కేంటంటే ఆ నక్షత్రం తన చుట్టూ తాను తిరగడానికి కూడా దాదాపు అన్ని రోజులే పడుతుంది. ఆ ఊపు గ్రహానిది కాక ఈ తిరుగుడుదేమో అనే అనుమానం 2018లోనే ఉంది, దాచలేదు. తర్వాత అమెరికాలో ఆరిజోనాలోని కిట్ పీక్ కొండ మీదున్న నూయిడ్ (NEID) అనే పరికరంతో ఇంకా సూక్ష్మంగా కొలిచారు. నిజంగా గ్రహమే లాగుతుంటే అన్ని రంగుల వెలుగూ ఒకేలా జరగాలి. అలా జరగలేదు. నక్షత్రంలో వేర్వేరు లోతుల నుంచి వచ్చే వెలుగు వేర్వేరు లెక్కలు చూపించింది. అంటే ఆ సంకేతం గ్రహానిది కాదు, నక్షత్రం పైపొరలోని మచ్చలదీ మరుగుడుదీ అయ్యుంటుంది, నక్షత్రం తిరిగేకొద్దీ అవీ తిరిగి తిరిగి మన ముందుకొస్తున్నాయి.

దీన్ని ఓటమి అంటారేంటి? స్పాక్ ఉంటే కనుబొమ్మ ఒకటి పైకెత్తి ఒప్పుకునేవాడు, ఆయన అభిమానులమని చెప్పుకునే మనం మాత్రం మొహం వేలాడేసుకున్నాం. పైగా అక్కడ నిజంగా ఉన్నదాన్ని ఎవరూ పట్టించుకోరు. 40 ఎరిడానీ ఒక్క నక్షత్రం కాదు, మూడు. అందులో 'బి' ఒక తెల్ల మరుగుజ్జు, ఇంధనం అయిపోయి భూమంత సైజుకి కుంచించుకుపోయిన నక్షత్రం. ఓ మోస్తరు టెలిస్కోప్‌తో చూడగలిగిన తెల్ల మరుగుజ్జుల్లో ఇదే అన్నిటికంటే తేలిక. జనవరిలో రాత్రి ఎనిమిదింటికి ఓరియన్ (వేటగాడు) నక్షత్రమండలం కాలి దగ్గరున్న రైజెల్ నక్షత్రం పట్టుకుని నేరుగా పడమర వైపు, చెయ్యి చాపితే ఒకటిన్నర పిడికిలి దూరం జరగండి. అక్కడ మసగ్గా ఓ చుక్క ఉంటుంది, అదే 'ఎ'. హైదరాబాద్‌లో కష్టం, ఊరెళ్తే టెలిస్కోప్ లేకుండానే కనబడుతుంది. గ్రహం లేకపోతేనేం!

ఫ్యామిలీ గ్రూపుల్లో ఏటా ఆగస్టులో "27న ఆకాశంలో రెండు చందమామలు" అని ఒక మెసేజ్ తిరుగుతుంది. అది 2003 నాటిది, అంగారకుడు భూమికి 5.6 కోట్ల కిలోమీటర్ల దగ్గరికి వచ్చినప్పటిది. అప్పుడు కూడా మామూలు కంటికి చుక్కలాగే ఉన్నాడు గానీ చందమామంత ఎప్పుడూ లేడు. సూర్యుడు ఓంకారం పలుకుతున్నాడనేది ఇంకోటి. ఇవి పంపే పెద్దవాళ్ళే నేను సీరియల్ చూస్తుంటే "ఆ కట్టుకథలేంటి?" అంటారు. నా సీరియల్ కట్టుకథ అని ముందే చెప్పి మొదలవుతుంది కదా పెద్దనాన్నా!

కట్టుకథల్లో కూడా ఒళ్ళు దగ్గర పెట్టుకుని అల్లినవి ఉన్నాయి. 'ది ఎక్స్‌పాన్స్' అనే సీరియల్ చూడండి, మనుషులు సౌర కుటుంబమంతా కాపురాలు పెట్టిన కాలం కథ. 2018లో దాన్ని ఆపేస్తే అభిమానులు అమెజాన్ స్టూడియోస్ మీదుగా బ్యానర్ కట్టిన విమానం తిప్పారు, అమెజాన్ దాన్ని తీసుకుని ఇంకో మూడు సీజన్లు నడిపింది. నాకు అందులో యుద్ధాల కన్నా నచ్చేది ఆలస్యం. భూమి నుంచి దూరంగా ఉన్నవాడితో ఫోన్లో మాట్లాడినట్టు మాట్లాడలేరు, వీడియో రికార్డు చేసి పంపి జవాబు కోసం కూర్చుంటారు. అంగారకుడికే వెలుగు చేరడానికి మూడు నుంచి 22 నిమిషాలు పడుతుంది మరి. తప్పులు లేవా అంటే ఉన్నాయి. అందులో సెరెస్ అనే మరుగుజ్జు గ్రహాన్ని గిర్రున తిప్పి లోపల గురుత్వాకర్షణ పుట్టిస్తారు, కానీ సెరెస్ సొంత ఆకర్షణ భూమి మీద ఉన్నదాంట్లో మూడు శాతం కూడా లేదు, అంత జోరుగా తిప్పితే రాళ్ళూ మంచూ ఎగిరిపోవా? ఈ లెక్క వేసుకుంటూ కూర్చోవడమే నాకు సరదా. శబ్దం మీద పడి ఏడ్చేవాళ్ళు ఇలాంటివి ఎత్తరేం?

నిజం బోర్ అనేవాళ్ళు 2023 ఆగస్టు 23 సాయంత్రం గుర్తు తెచ్చుకోండి. చంద్రయాన్-3 దిగుతుంటే ఇస్రో యూట్యూబ్‌లోనే ఒకేసారి 80 లక్షల మంది చూశారు. ఏం చూశారు? తెర మీద ఒక గ్రాఫ్. గీసి ఉన్న దారి వెంట కిందికి జరుగుతున్న గుర్తు, పక్కన ఎత్తూ వేగమూ అంకెలు, అంతే. అది దానంతట అదే దిగుతోంది, ఇక్కడ కూర్చున్నవాళ్ళు స్టీరింగ్ తిప్పేదేం లేదు. మా ఇంట్లో ఆ గ్రాఫ్ చూస్తూ మా బావ కూడా సోఫా అంచు మీదికొచ్చాడు, గ్రాఫిక్స్ అన్న మనిషి!

నన్నడిగితే ఈ మధ్యకాలంలో వచ్చిన బెస్ట్ ఎపిసోడ్ వాయేజర్-1ది. 1977లో నాసా పంపిన నౌక, అప్పటికి 2,400 కోట్ల కిలోమీటర్ల అవతల ఉంది. 2023 నవంబర్ నుంచి అర్థంలేని ఒకట్లూ సున్నాలూ పంపడం మొదలుపెట్టింది. నెలల తరబడి తవ్వితే దాని కంప్యూటర్ మెమరీలో ఒక్క చిప్ పోయిందని తేలింది. వెళ్ళి మార్చలేరు. ఆ చిప్‌లో ఉన్న కోడ్ మొత్తం పట్టేంత ఖాళీ ఇంకెక్కడా లేదు, దాంతో దాన్ని ముక్కలు చేసి ఉన్న చోటల్లా సర్ది, ముక్కలన్నీ కలిసి పనిచేసేలా చిరునామాలు మార్చారు. 2024 ఏప్రిల్ 18న మొదటి ముక్క పంపారు. చేరడానికి ఇరవై రెండున్నర గంటలు, జవాబు రావడానికి ఇంకో ఇరవై రెండున్నర. ఏప్రిల్ 20న వచ్చిన డేటా అర్థమయ్యేలా ఉంది. ఆ డేటా వచ్చినప్పుడు నాసా వాళ్ళ గదిలో తీసిన ఫొటో ఉంది, పొడుగాటి బల్ల చుట్టూ కూర్చున్న జనం, చేతులు పైకెత్తి అరుస్తున్నారు.

దీన్ని ఎవరైనా సీరియల్‌గా తీస్తే ఆ 45 గంటల ఎదురుచూపు కట్ చెయ్యకుండా తియ్యాలి. కాఫీ తాగుతూ, గోడ గడియారం చూస్తూ, ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడకుండా. నేను మొత్తం చూస్తాను. మా బావ మాత్రం "చిప్ బాగైందా లేదా చెప్పు" అని చివరికి జరిపేస్తాడు.