కూరోస్‌ని క్యాబ్‌లో కొట్టకండి బాబూ

పాతకాలపు మగాడి సెంటు కావాలని ఎవరు అడిగినా ఒకటే సలహా: "కూరోస్ కొను, ఆరు స్ప్రేలు కొట్టు, ఇక నీకు తిరుగులేదు." ఈ సలహా ఇచ్చేవాళ్ళు దాన్ని మే నెలలో ఒక్కసారైనా కొట్టుకుని బయటికెళ్ళారా అని నా డౌటు. నేను వెళ్ళాను. మాదాపూర్ ఆఫీస్ క్యాబ్, నలుగురం, అద్దాలన్నీ ఎక్కించి ఏసీ ఫుల్లు. పది నిమిషాలకి ముందు సీట్లో ఆయన డ్రైవర్‌ని అడిగాడు: "ఏసీలో ఎలకేమన్నా చచ్చిందా ఏంది అన్నా?" నేను కిటికీలోంచి ఫ్లైఓవర్ చూస్తూ కూర్చున్నా.

తప్పు సెంటుది కాదు, నాది.

1981లో వైఎస్ఎల్ (ఈవ్ సెయింట్ లారెంట్ అనే ఫ్రెంచ్ ఫ్యాషన్ కంపెనీ) కోసం పియెర్ బుర్డాన్ అనే ఫ్రెంచాయన చేసిన సెంటు ఇది. ప్రాచీన గ్రీకు శిల్పాల్లో ఎడమ కాలు ముందుకేసి నిటారుగా నిలబడే కుర్రాడి విగ్రహాన్ని కూరోస్ అంటారు, పేరు అక్కడిదే. సీసా కూడా పాలరాయిలా తెల్లగా ఉంటుంది. కొట్టగానే సబ్బు, ధనియాలు. అప్పుడే స్నానం చేసొచ్చిన మనిషి అనిపిస్తుంది. కాసేపాగితే ఆ సబ్బు కిందనుంచి తేనె, ధూపం, వాటి వెనకాల ఒక జంతువు.

ఆ జంతువు మనకి కొత్తదేం కాదు, పునుగు పిల్లి. తిరుమలలో శుక్రవారం అభిషేకం అయ్యాక స్వామికి పూసే పునుగు తైలం దాని చలవే. పచ్చి పునుగు ముక్కు దగ్గర పెట్టుకుంటే కడుపులో తిప్పుతుంది. రవ్వంత వేరేదాంట్లో కలిపితే మనిషి ఒంటి వెచ్చదనంలా మారిపోతుంది. (ఇప్పటి సెంట్లలో ఎక్కువగా ల్యాబ్‌లో చేసిన పునుగే, పిల్లుల జోలికి పోరు. మంచిదే.) తేనె వాసనా అంతే, మోతాదు దాటితే బాత్రూం గుర్తొస్తుంది. అందుకే దీన్ని "యూరినల్ కంపు" అనేవాళ్ళనీ నమ్ముతాను, "అద్భుతం" అనేవాళ్ళనీ నమ్ముతాను. ఒకరు ఆరు స్ప్రేల పక్కన కూర్చున్నారు, ఇంకొకరు ఒక్కదాని పక్కన.

ఇంతకీ ఎప్పుడు వాడాలి? డిసెంబర్, జనవరి. రాత్రిపూట, ఆరుబయట. లాన్‌లో పెళ్ళి రిసెప్షన్ అయితే మరీ మంచిది. ఒకే ఒక్క స్ప్రే, చొక్కా వేసుకోకముందు ఛాతీ మీద, బయల్దేరడానికి గంట ముందు. బట్టల మీద మాత్రం వద్దు. ఆ మే నెల చొక్కా రెండుసార్లు ఉతికాక కూడా మా అమ్మ కాలర్ వాసన చూసి "ఎవరి చొక్కారా ఇది?" అంది. ఇంటర్వ్యూ, విమానం, సినిమా హాలు, దర్శనం క్యూ... దండం పెడతాను, వద్దు.

పాత సీసాల కోసం వేలకు వేలు పోసేవాళ్ళున్నారు. ఎలర్జీల పేరుతో ఓక్‌మాస్ (ఓక్ చెట్ల మీద పెరిగే నాచులాంటిది) లాంటివాటికి ఆంక్షలు వచ్చాక చాలా పాత సెంట్లు మెత్తబడ్డాయి, నిజమే. కానీ మన ఎండకి ఈ మెత్తబడ్డదే ఎక్కువ. తమాషా ఏంటంటే, ఇవాళ ఆఫీసు లిఫ్టుల్లో అందరి దగ్గరా ఒకేలా కొట్టే ఆ "ఫ్రెష్" వాసనకి దారి వేసిన కూల్ వాటర్ అనే సెంటు కూడా బుర్డాన్‌దే, 1988లో.

ఆ ఎలక మాటన్నాయన మొన్న జనవరిలో టీమ్ డిన్నర్‌లో, లాన్‌లో నా పక్కనే నిలబడి "ఏం సెంటు భయ్యా, మస్తుంది" అన్నాడు. పేరు చెప్పాను, ఫోన్‌లో రాసుకున్నాడు. ఎన్ని స్ప్రేలో చెప్పడం మర్చిపోయాను.

సోమవారం క్యాబ్‌లో నాది వెనక సీటే.