ముందు వరుస సోఫా గారి దివ్య సముఖమునకు

మహారాజశ్రీ మొదటి వరుస సోఫా గారికి,

గాజువాక వాస్తవ్యుడు, కాబోయే నటుడు, అనేక నమస్కారములతో వ్రాసుకొను విన్నపం. ఉభయ కుశలోపరి అనడం ఆనవాయితీ గనక అంటున్నాను. నిన్న రాత్రి నాటకం చూసి వచ్చినప్పటి నుంచి నాకు కాళ్లు పీకుతున్నాయి. తమరి కుశలం వేరే అడగక్కర్లేదు. ఆ హాలు మొత్తంలో హాయిగా ఉన్నది తమరొక్కరే.

ఎర్ర ముఖమల్ ఒళ్లు, బంగారు రంగు కాళ్లు, వీపున తెల్ల టర్కీ తువ్వాలు. చెయ్యి ఆనించే చోట షాపువాడు వేసిన ప్లాస్టిక్ కవరు ఇంకా ఊడలేదు. దాని మీద సెల్లో టేపుతో అంటించిన ‘వి.ఐ.పి.’ కాయితం. ఎదుట టీపాయ్ మీద జీడిపప్పు ప్లేటు, గుక్కెడు నీళ్లు పట్టే బుల్లి సీసాలు. తమరి వైభవం ముందు నేనెంత!

పాసు మీద ఆరున్నర అని ఉంది. ఆరున్నరంటే జ్యోతి ప్రజ్వలనకి అగ్గిపెట్టె వెతకడం మొదలయ్యే టైమని అందరికీ తెలిసిందే కాబట్టి దాని గురించి మాట్లాడను. శాలువాల గురించీ మాట్లాడను. “నాటకాన్ని మనమే బతికించుకోవాలి” అని గంభీరంగా సెలవిచ్చిన పెద్దాయన, తెర లేవకముందే “ఇంకో ప్రోగ్రాం ఉంది” అంటూ మెమెంటో చంకన పెట్టుకుని వెళ్లిపోయారు. ఆయన వెనకే ఇంకో ఆయన. వాళ్లిద్దర్నీ కారెక్కించడానికి మిగతావాళ్లు. తమరు మాత్రం కదల్లేదు.

నా గొడవంతా ఆ తర్వాతదే. ఆడుతున్నది సురభి వాళ్లు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచక వధతో మొదలైన ఆట, ఆ కుటుంబాల్లో తరాలుగా నడుస్తోంది. నాలాంటివాడు డబ్బు కట్టి వర్క్‌షాపులో నేర్చుకునేది వాళ్ల పిల్లలు తెర వెనక ఆడుకుంటూనే పట్టేస్తారు. నిన్నటి ఆట మాయాబజార్. బాణాలు గాల్లో ఢీకొనడం, మంటలు రావడం ఎంత వెనక నుంచైనా కనిపిస్తాయి, వాటి కోసం నేను రాలేదు. మాయా శశిరేఖ కోసం వచ్చాను. శశిరేఖ రూపంలో ఘటోత్కచుడు ఉంటాడు చూడండి, ఆ ఘట్టం. అదే అమ్మాయి, అదే చీర, అదే జడ. లోపల రాక్షసుడు. వాడు ఎక్కడ బయటపడతాడు? కనుబొమ్మలోనా, దవడలోనా, సిగ్గుపడబోయి మధ్యలో ఆగిన భుజంలోనా? నటన నేర్చుకునేవాడికి అంతకంటే మంచి పాఠం ఎక్కడ దొరుకుతుంది?

తమరు ఖాళీయే కదా అని ఓ అంచున ఒదిగి కూర్చోబోయాను. వాలంటీరు కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు.

“ఇక్కడ కూకోకండి బాబూ, పెద్దోళ్లొస్తారు.”

“పెద్దోళ్లు వెళ్లిపోయారు కదా తమ్ముడూ.”

“ఎల్తే ఏటండీ, మళ్లీ వస్తే?”

ఈ ప్రశ్నకి జవాబు లేదు. మిగతా హాలు నిండిపోయింది (విశాఖలో సాయంత్రం పూట బీచ్ రోడ్డు వదిలేసి జనం నాటకానికి రావడమే ఓ మాయాబజార్). నేనూ, నాలాంటి మరికొందరూ వెనక గోడకి అంటుకున్నాం. అక్కడి నుంచి శశిరేఖ మొహం రూపాయి బిళ్లంత. ఆ బిళ్ల ఏదో చేసింది. తమరి వెనక వరుసలు పగలబడి నవ్వాయి. వాళ్లని చూసి మధ్య వరుసలు నవ్వాయి. మేం వాళ్లని నమ్మి నవ్వాం. ఆ అమ్మాయి ఏం చేసిందో నాకు ఇప్పటికీ తెలీదు.

తమరికి కనిపించిందా? అంత దగ్గరున్నారు కదా, నవ్వారా? పద్యం బాగుంటే వన్స్‌మోర్ అని అరిచి మళ్లీ పాడించుకున్న జనం మనవాళ్లు. ఆ కేక ఏనాడైనా నీలోంచి వచ్చిందా? రంగు పూసుకుని, కిరీటం బిగించుకుని, గుండె దడదడలాడుతుంటే నటుడు వేదిక ముందుకొచ్చి తలెత్తితే ఎదురుగా ఎవరు? తువ్వాలు! మనిషి గోడకి నిలబడాలి, తువ్వాలు సోఫాలో కూర్చోవాలి. వెళ్లిపోయినవాడికి మర్యాద, ఉన్నవాడికి “ఎనక్కెళ్లండి బాబూ”. సిగ్గు లేదూ నీకు?

ఏకవచనంలోకి దిగిపోయాను. దిగినవాణ్ని ఇక ఎక్కను.

పెద్దోళ్లు రాలేదు. ఆట ఆఖరికొస్తుండగా ఆ వాలంటీరు కుర్రాడే నీ మీద కూలబడి, కాళ్లు చాపి, జీడిపప్పు ప్లేటు ఒళ్లో పెట్టుకున్నాడు. వాడి మీద నాకు కోపం లేదు, సాయంత్రం నుంచి కుర్చీలు మోస్తున్నాడు పాపం. పైగా ఘటోత్కచుడు గద తిప్పగానే హాలు అదిరేలా ఈల వేశాడు. నీ పుట్టుకకి అదే మొదటి ఈల అయ్యుంటుంది.

వచ్చే నెల మా నాటకం పరిషత్తు పోటీలకి వెళ్తోంది. నాది చిన్న వేషమే అయినా ఎదురుగా చూసి చెప్పాల్సిన డైలాగుంది. అక్కడికి నువ్వు రావద్దు. రాక తప్పదంటావా, ఆ కుర్రాణ్ని కూర్చోబెట్టుకుని రా.

ఇట్లు,
వెనక గోడ నటుడు